జీతంలో పదోవంతు ఇస్తానన్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ నెల నుంచి నీ జీతంలో పదోవంతు దానానికి తీసిపెడతానని నువ్వు అన్నట్టు మీ అమ్మ చెప్పగానే నాకు కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు చేతిలో ఉన్నదాన్ని పక్కవాళ్ళకు పెట్టిగాని తినని పిల్లవి నువ్వు. అయితే ఫోను పెట్టేశాక భయం మొదలైంది. ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు, చదువు కోసం చేసిన అప్పు ఇంకా నెత్తిమీదే ఉంది, అయినా మాట ఇచ్చేశావు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసిన సంగతులు ముందుగా ఒక్కొక్క మాటలో చెప్పేస్తాను. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చు. కొన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకో. సంస్థ ఏదైనా సరే, దాని నమోదు వివరాలు, ఏటి లెక్కలు చూడకుండా పైసా ఇవ్వకు. ఇప్పటికిప్పుడు ఇమ్మని తొందరపెట్టేవాళ్ళకు అసలే ఇవ్వకు.

ఇక నా కథ విను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. నీ వయసులో నేను ఒక కార్యాలయంలో లెక్కలు రాసేదాన్ని. ఎవరు చెయ్యి చాచినా కాదనలేని స్వభావం నాది. వైద్యం కోసమని ఒకరు, పుస్తకాల కోసమని ఒకరు, వరద బాధితుల కోసమని ఇంకొకరు వచ్చేవారు. అందరి చేతిలోనూ ఎంతో కొంత పెట్టి పంపేదాన్ని. ఆ రోజుల్లోనే, తండ్రి లేని ఒక అమ్మాయి పైచదువు మొత్తం నేనే చూసుకుంటానని వాళ్ళ అమ్మకు మాట ఇచ్చాను. మూడేళ్ళ చదువు అది. ఎంత అవుతుందో కాగితం మీద వేసి చూసుకోలేదు, నా జీతం ఆగిపోతే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. రెండేళ్ళు సాఫీగా గడిచాయి. మూడో ఏడు మీ పెదనాన్నగారికి జబ్బు చేసింది, నేను సెలవు మీద సెలవు పెట్టాల్సి వచ్చింది, ఇల్లు గడవడమే కష్టమైంది. ఆ అమ్మాయి దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది: “ఈసారి డబ్బు ఆలస్యమైనట్టుందండీ, గడువు పదిహేనో తేదీ వరకే ఉంది, మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి.” ఎంతో మర్యాదగా రాసింది. ఆ మర్యాద చూసి సిగ్గుతో చచ్చిపోయాను. జవాబు రాయడానికి ఇరవై రోజులు పట్టింది, అప్పటికే గడువు దాటిపోయింది. చివరి ఏడు పూర్తి చేయకుండానే ఆమె పనిలో చేరిపోయింది. నేను మొదటి నుంచీ ఆదుకోకపోయి ఉంటే వాళ్ళు ఇంకొకరిని అడిగేవారు, విద్యార్థి వేతనానికైనా దరఖాస్తు పెట్టుకునేవారు. నన్ను నమ్ముకుని ఆ దారులన్నీ వదులుకున్నారు.

దీన్ని మించిన బాధ తరువాత వచ్చింది. లెక్కలు రాసే అలవాటు వల్ల ఇంట్లోనూ ఒక నోటుపుస్తకంలో ప్రతి ఖర్చూ రాసుకునేదాన్ని. ఓ రాత్రి ఆ పుస్తకం ముందేసుకుని, మొదటి రెండేళ్ళలో అడిగినవాళ్ళందరికీ తలా కొంచెం పంచిన మొత్తాన్ని కూడాను. పెన్సిలుతో రెండుసార్లు కూడాను, తప్పేమోనని మూడోసారీ కూడాను. అది ఆ అమ్మాయి చివరి ఏడాది రుసుము కంటే ఎక్కువే ఉంది. ఆ చిన్న చిన్న దానాల్లో ఒక్కటి కూడా ఎవరికి ఎంతవరకు ఉపయోగపడిందో నాకు తెలియదు. ఆ డబ్బు ఒక్కచోట చేర్చి పక్కన పెట్టి ఉంటే, మా ఇంట్లో ఎన్ని కష్టాలొచ్చినా ఆమె చదువు ఆగేది కాదు.

అమ్మా, నువ్వు ఇవ్వడం మానుకోవాలని నేను అనడం లేదు. నువ్వు ఇచ్చే డబ్బును ఆసరా చేసుకుని ఒక మనిషి అడుగు వేస్తుందని మరిచిపోవద్దు అంటున్నాను. పదోవంతు లెక్క నీకు ఎక్కడిదో నాకు తెలుసు. 2009లో టోబీ ఆర్డ్ అనే తత్వశాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన ‘గివింగ్ వాట్ వి కెన్’ సంస్థలో చేరేవాళ్ళు, తమ ఆదాయంలో కనీసం పదోవంతు పని చేసినంత కాలం ఇస్తామని మాట ఇస్తారు. అక్కడే, నూటికి ఒకటి నుంచి మొదలుపెట్టి, తాము ఎంచుకున్న కాలానికి మాత్రమే మాట ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. నువ్వు దానితో మొదలుపెట్టు. నూటికి రెండో మూడో ఇచ్చి ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా నిలబడితే, ఆ తరువాత జీతం పెరిగినప్పుడల్లా పెంచుకుంటూ పోవచ్చు. పెంచితే ఎవరూ నొచ్చుకోరు.

ఎవరికి ఇవ్వాలన్నది రెండో ప్రశ్న. మన పెద్దలు దేశకాలపాత్రాలు చూసి ఇవ్వమన్నారు. అడిగినవాళ్ళ మాట తీరు చూసి ఇవ్వమనలేదు. 1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వచ్చిపడితే, ఆ మందుల్లో వెంటనే పనికొచ్చేలా ఉన్నవి నూటికి ముప్ఫై మాత్రమే. మిగతావాటిని విడదీయడానికే అక్కడి వైద్య సిబ్బంది కాలం వెచ్చించాల్సి వచ్చింది. పంపినవాళ్ళందరిదీ మంచి మనసే. అందుకే, అక్కడివాళ్ళే ఫలానా వస్తువు కావాలని అడిగితే తప్ప, డబ్బే పంపు.

నిర్వహణ ఖర్చు తక్కువగా చూపించే సంస్థే మంచిదనుకోకు. లెక్కల మనిషిగా ఈ ఒక్క మాట గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఖర్చును ఏ పద్దు కింద రాయాలన్నది చాలావరకు రాసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. 2007లో హోల్డెన్ కర్నాఫ్‌స్కీ, ఎలీ హాసెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు యువకులు, ఏ సేవాసంస్థకు ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందో పరిశీలించి చెప్పే ‘గివ్‌వెల్’ను స్థాపించడానికి కారణం కూడా, మా డబ్బుతో మీరు ఏం సాధిస్తారని సేవాసంస్థలను అడిగితే సరైన సమాధానం దొరకకపోవడమే. నువ్వూ అదే అడుగు. మలేరియా సంగతే చూడు: 2023లో ప్రపంచమంతటా దాదాపు 6 లక్షల మంది దానితో చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలో అయిదేళ్ళు నిండని పిల్లలు. మందు పూసిన దోమతెరలు ఆ మరణాలను తగ్గిస్తాయని పరిశోధనల్లో రుజువైంది, ఖర్చూ తక్కువే. అయితే ఆ తెర ఎల్లకాలం పనిచేయదు. మూడేళ్ళ ప్రాంతంలో చిరుగుతుంది, మందు పట్టు తగ్గుతుంది, మళ్ళీ కొత్తది ఇవ్వాలి. ఒక ఏడు బోలెడంత వచ్చి మరుసటి ఏడు ఆగిపోయే డబ్బుతో అలాంటి పని నడవదు. కాబట్టి ఒకటో రెండో సంస్థలను ఎంచుకుని, చిన్న మొత్తమే అయినా నెలనెలా అందేలా చూడు.

మరి ఎదురుగా వచ్చి చెయ్యి చాచేవాళ్ళ మాటేమిటని అడుగుతావు, నీ సంగతి నాకు తెలియదా! వాళ్ళ కోసం చిన్న మొత్తం విడిగా పెట్టుకో. అది అయిపోతే ఆ నెలకు అంతే. ఆ రోజు నీకు రాత్రంతా నిద్ర పట్టకపోతే నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఇంతకీ, నువ్వు అనుకున్న సంస్థల పేర్లు, నెలకు ఇవ్వదలచిన మొత్తం, ఉద్యోగం పోతే నీ దగ్గరున్న డబ్బు ఎన్ని నెలలు వస్తుందో, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పంపు. అంకెలు విడివిడిగా, స్పష్టంగా వెయ్యి. నేను కూడి చూస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ