గుట్ట ఎక్కే బండికి ఏ రిమ్ములు కొనాలి

హన్మకొండ

బిడ్డా,

నీ ఏటీవీకి, అదే గుట్టలెక్కే నాలుగు చక్రాల హ్యాండిల్ బండికి, కొందామని నువ్వు పంపిన మూడు రిమ్ముల ఫొటోలు చూశాను. మూడూ 14 అంగుళాలవే, మూడూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, మూడూ నీ గుట్టకు పనికిరావు. కొనేశావేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. ఇంకా ఆర్డర్ పెట్టలేదని మీ బాపు చెప్పాడు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తావు. అందుకే రాసి పంపుతున్నాను.

ముందు నువ్వు తిరిగే నేల సంగతి చూడు. మన వరంగల్ చుట్టూ ఉన్నది గ్రానైట్. ఎండకూ వానకూ అరిగి గుండ్రంగా అయిన పాత గుండ్లతో పెద్ద ఇబ్బంది లేదు. టైరు వాటి మీదికి ఎక్కుతుంది, లేదంటే జారుతుంది, అంతే. కొత్తగా పగిలిన రాయితోనే తంటా. మీ పొలం వెనక క్వారీవాళ్లు పనికిరాని ముక్కలు పారబోసిన బాట ఉంది కదా, అక్కడ జాగ్రత్త. ఆ రాళ్ల అంచుల పదును ఏళ్లు గడిచినా తగ్గదు. టైరు పక్క గోడను కోస్తాయి, అది తప్పితే రిమ్ము అంచును కొడతాయి. కరీంనగర్ దిక్కు క్వారీల దగ్గరా ఇదే కథ. భూపాలపల్లి వైపు వెళితే ఇసుకరాయి. అది కోయదు గానీ రబ్బరును మెల్లగా అరగదీస్తుంది.

ఇలాంటి దారిలో రాయి దెబ్బను ముందు టైరు తినాలి. టైరును దాటి రిమ్ముదాకా వస్తే రిమ్ము వంగాలి గానీ పగలకూడదు. నేను కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

నీ టైరు మీద 25x8-12 అని ఉంటుంది. ఎత్తు 25 అంగుళాలు, వెడల్పు 8, రిమ్ము 12. ఇరవై ఐదులోంచి పన్నెండు తీసి సగం చేస్తే ఆరున్నర అంగుళాలు. రాయికీ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు గోడ అదే. అదే ఎత్తు టైరును 14 రిమ్ముకు వేస్తే ఐదున్నరే మిగులుతుంది. చూపుకు బాగుంటుంది, దెబ్బకు ఆగదు. రిమ్ము పెద్దది వేసి టైరు కూడా పెద్దది వేస్తానంటావేమో. అప్పుడు చక్రం తిప్పడం ఇంజిన్‌కు బరువవుతుంది, చడావులో ఇంజిన్ బలాన్ని చక్రాలకు అందించే బెల్టు వేడెక్కుతుంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే టైరు బాడీకి రాసుకుంటుంది. 12 దగ్గరే ఆగు.

ఇక లోహం. స్టీలు రిమ్ము బరువు, తుప్పు పడుతుంది, అందం లేదు. కానీ అంచు లోపలికి నొక్కుకుపోతే నీ దగ్గరున్న సుత్తితోనే సరిచేసుకుని గాలి కొట్టుకుని ఇంటికి రావచ్చు. పోత అల్లాయ్, అంటే అల్యూమినియం మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోసింది, తేలికగా ఉంటుంది, దాంతో సస్పెన్షన్ హుషారుగా పనిచేస్తుంది, ఆ మాట నిజమే. అయితే అది వంగేది కొంచెమే, ఆ తర్వాత చిట్లుతుంది. చిట్లిందంటే గుట్ట మీద నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. ఫోర్జ్‌డ్ అల్లాయ్, అంటే అదే లోహాన్ని గట్టిగా నొక్కి చేసింది, ఈ రెంటికంటే మేలు. తేలికా, గట్టిదనం రెండూ ఉంటాయి. ధర మాత్రం మస్తుగా ఉంటుంది. నువ్వు రేసుకు పోవడం లేదు, మేకలకు దాణా మోస్తావు, బోరు మోటారు దగ్గరికి వెళ్తావు, ఆదివారం దోస్తులతో తిరుగుతావు. నా మాట వింటే స్టీలే. డబ్బు మిగిలితే టైర్ల మీద పెట్టు. ప్లై రేటింగ్ అంటే టైరు పొరల బలం చెప్పే అంకె, ఆరు కంటే ఎనిమిది ఉన్నది రాళ్లకు మంచిది. ప్రయాణం కాస్త గట్టిగా ఉంటుంది, ఓర్చుకో.

రిమ్ము మీద మోయగల బరువు అచ్చు వేసి ఉంటుంది, చదువు. బండి, నువ్వు, దాణా మూట కలిపి నాలుగుతో భాగించి "సరిపోతుంది" అనుకోకు. రాళ్ల మీద ఒక చక్రం గాలిలో ఉంటే దాని వాటా మిగతావాటి మీద పడుతుంది.

ఇప్పుడు నీ బండికి పట్టే కొలత. నాలుగు బోల్టుల రిమ్ముకు పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల మధ్య గుండా పోయే వృత్తం అడ్డు కొలత, చూడటం తేలిక. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాలకు మధ్య నుంచి మధ్యకు టేపు పెట్టు. పొలారిస్ బండ్లకు ఎక్కువగా 156 మిల్లీమీటర్లు, కాన్-ఆమ్‌కు 137, హోండా, యమహా ఏటీవీల్లో చాలావాటికి 110. దగ్గర దగ్గరగా ఉంది కదా అని బలవంతంగా దూర్చేవాళ్లున్నారు, ఆ షాపు మెట్టు ఎక్కకు. తర్వాత ఆఫ్‌సెట్, అంటే బోల్టులు బిగించే పలక రిమ్ము వెడల్పులో ఎక్కడుందన్నది. 5+2 అంటే ఏడు అంగుళాల వెడల్పులో ఆ పలకకు ఐదు లోపలి వైపు, రెండు బయటికి. 4+3 తీసుకుంటే చక్రం ఒక్కో పక్క అంగుళం బయటికి జరుగుతుంది. వాలు మీద అడ్డంగా పోయేటప్పుడు బండి నిలకడగా ఉంటుంది గానీ బేరింగుల మీదా బాల్ జాయింట్ల మీదా భారం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన దానికి దగ్గరగా ఉండేదే చూడు. ఈ అంకెలను కొందరు తిరగేసి రాస్తారు, కొనేముందు అడుగు.

పాత రిమ్ములు చవకగా దొరుకుతాయని మీ బాపు అన్నాడట. దొరుకుతాయి, తప్పు లేదు, చూసి తీసుకోవాలి. చక్రాన్ని బండి హబ్‌కు, అంటే చక్రం తగిలించే ఇరుసు చివరకు, బిగించి, అంచుకు దగ్గరగా ఒక మేకు కదలకుండా పెట్టి తిప్పు. మేకుకూ రిమ్ముకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంగి ఉందన్నమాట. అల్లాయ్ అయితే ఇంకో పరీక్ష చెయ్యి. బోల్టు రంధ్రాల చుట్టూ, లోపలి అంచు వెంట బురదంతా కడిగి ఆరబెట్టు. కిరసనాయిలు పూసి పావుగంట వదిలెయ్యి. పొడి గుడ్డతో మరక లేకుండా తుడిచి, మీద సుద్దపొడి చల్లు. కంటికి కనిపించని చీలిక ఉంటే లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరుతుంది, తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత తేలుతుంది. గీత కనిపిస్తే ఎంత చవకైనా వదిలేసి వచ్చెయ్యి. వెల్డింగ్ పెడితే సరిపోతుందని అమ్మేవాడు అంటాడు. అల్లాయ్‌కి వేడి తగిలితే ఆ చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది. బోల్టుల దగ్గర వెల్డింగ్ ఉన్న రిమ్మును నేను ఎప్పుడూ బండికి ఎక్కించలేదు, ఎవరినీ ఎక్కించనివ్వలేదు. స్టీలు రిమ్ముకు కూడా బోల్టు రంధ్రం దగ్గర చీలిక వస్తే దాని చోటు పాత ఇనుప కొట్టే.

బీడ్‌లాక్ రిమ్ముల గురించి అడిగావు. బయటి అంచున ఒక రింగు పెట్టి చుట్టూ బోల్టులతో టైరును బిగించేవి అవి. గాలి బాగా తగ్గించి నడిపినా టైరు రిమ్మును వదలదు. కానీ ఆ బోల్టులన్నిటినీ మాటిమాటికీ బిగువు చూసుకోవాలి, బరువు కూడా ఎక్కువ. నీకు వద్దు.

గాలి విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండు. ఏటీవీ టైరుకు మామూలుగా 5 నుంచి 7 పీఎస్ఐ సరిపోతుంది, నీ బండి స్టిక్కర్ మీద ఎంతుందో చూసి పాటించు. పంక్చర్ షాపులో లారీలకు కొట్టే గేజి ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు. 15 పీఎస్ఐ వరకు చూపే చిన్న గేజి కొనుక్కో. రాళ్లలోకి వెళ్లేటప్పుడు స్టిక్కర్ చెప్పిన దానికంటే తగ్గించకు, తగ్గిస్తే రబ్బరు నలిగి రిమ్ము అంచు నేరుగా రాయికి తగులుతుంది. చల్లగా ఉన్నప్పుడే కొలువు. పొద్దున 25 డిగ్రీల్లో 6 నింపితే మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు అది దాదాపు 7.4 అవుతుంది. మన ఎండలకు ఈ లెక్క గుర్తుంచుకో.

చిన్నా చితకా విషయాలు: కొత్త రిమ్ముకు పాత నట్లు సరిపోతాయో లేదో, కూర్చునే చోటు కోన్ ఆకారమా, చదునా చూడు. ఎదురెదురుగా బిగించు, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, అంటే అంత బలంతోనే, బిగించు, మొదటి రైడ్ తర్వాత మళ్లీ చూడు. బయటికి పొడుచుకొచ్చే రబ్బరు వాల్వు కంటే పొట్టి ఇనుప వాల్వు మేలు. ఒర్రె దాటాక రేగడి మట్టి రిమ్ము లోపల పేరుకుని ఎండితే చక్రం ఊగుతుంది. రిమ్ము వంగిందని కంగారు పడకముందు కడిగి చూడు. సర్కారు తుమ్మ ముళ్లకు ఏ రిమ్మూ అడ్డురాదు. ప్లగ్ కిట్టూ చిన్న పంపూ సీటు కింద పెట్టుకో.

ఇంకోటి. పాండవుల గుట్టల మీద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. అక్కడ బండి కిందే ఆపి నడిచి ఎక్కు. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకు.

కొనేటప్పుడు ముందు చక్రానికి ఒకటి అదనంగా తీసుకో. రాళ్లలో మొదట దెబ్బ తినేది ముందువే, తర్వాత అదే మోడల్ దొరక్కపోవచ్చు. పీసీడీ కొలిచాక నాకు చెప్పు, రేటు సంగతి నేను మాట్లాడతాను.

మీ పెద్దబాపు