సముద్రం నుంచి మందులు: ఏ చదువులో చేర్చాలి?

ప్రశ్న: మాది ఒడిశాలో గోపాలపూర్ దగ్గర వేట మీద బతికే కుటుంబం. మా అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. నీట్ వద్దట, సముద్ర జీవుల నుంచి మందులు తీసే చదువు కావాలట. ఒక ఏజెంటు ‘మెరైన్ మెడిసిన్’ డిగ్రీలో సీటు ఇప్పిస్తాను, డొనేషన్ కట్టమంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు. ఆ పేరున్న డిగ్రీ చూసి ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఇంతవరకు నా కంటపడలేదు. అది ఫార్మసీ కోర్సే అని బుకాయిస్తే ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు కాగితం చూపించమనండి.

అమ్మాయి ఆశ మాత్రం గాలిలోది కాదు. రక్త క్యాన్సర్‌కి వాడే సైటారబిన్‌కు దారి చూపింది కరీబియన్ సముద్రపు స్పాంజి. తట్టుకోలేని నొప్పికి వెన్నులోకి ఎక్కించే జికోనోటైడ్‌కు మూలం ఒక సముద్రపు నత్త విషం. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ట్రాబెక్టెడిన్ అనే క్యాన్సర్ మందు కథ అమ్మాయికి తప్పక చెప్పండి. సీ స్క్వర్ట్ అనే తిత్తిలాంటి జీవి రసానికి క్యాన్సర్ కణాలను చంపే గుణం ఉందని 1969లోనే గమనించారు. కానీ గ్రాము మందు తియ్యాలంటే దాదాపు టన్ను జీవులు కావాలి. అంత సరుకు ఏ సముద్రం ఇస్తుంది? చివరికి ఒక బాక్టీరియా తయారుచేసే పదార్థాన్ని తీసుకుని, దాన్ని ల్యాబ్‌లో మందుగా మార్చే పద్ధతి కనిపెట్టారు. యూరప్‌లో అనుమతి దొరికేసరికి 2007. సముద్రంలో మొదలైన పనిని గట్టెక్కించింది కెమిస్టులు, మైక్రోబయాలజిస్టులు.

అందుకే డిగ్రీలో బీఎస్సీ కెమిస్ట్రీ గానీ బీఫార్మసీ గానీ మేలంటాను. ‘మెరైన్’ అన్న మాట పీజీలో, పీహెచ్‌డీలో చేరినా నష్టం లేదు. బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ విభాగం మీకు పక్కనే. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీకి స్టైపెండ్ వస్తుంది. గోవాలోని ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర పరిశోధన సంస్థ), కొచ్చిలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి చోట్ల ఈ పరిశోధన జరుగుతోంది. కీళ్లనొప్పులకు సముద్రపు నాచు నుంచి క్యాప్సూల్ తయారుచేసింది సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లే.

ఇదంతా పదేళ్ల పైమాటే. అంతకాలం జీతం కోసం ఆగలేని ఇల్లయితే రంగైలుండా ఫిషరీస్ కాలేజీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చూడండి. మీ ఊరికి దగ్గర, ఓయూఏటీ (ఒడిశా వ్యవసాయ యూనివర్సిటీ) కింద నడిచే ప్రభుత్వ కాలేజీ. రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో క్వాలిటీ కంట్రోల్, మేత కంపెనీలు, ఫిషరీస్ శాఖ పోస్టులు, ఇలా పని దొరికే చోట్లు ఎక్కువ. మనం పారేసే రొయ్య పొట్టు నుంచే కైటోసాన్ అనే పదార్థం తీసి గాయాల కట్లకు వాడుతున్నారు. అటువైపు వెళ్లాలనిపిస్తే ఫిషరీస్ చదివి కూడా వెళ్లొచ్చు.

ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి అమ్మాయిని ఒక్కటే అడగండి: నత్తని చూస్తూ కూర్చోవడం ఇష్టమా, దాని విషంలో ఏముందో ల్యాబ్‌లో నెలల తరబడి విడదీయడం ఇష్టమా? మొదటిదైతే ఫిషరీస్, రెండోదైతే కెమిస్ట్రీ. టీవీలో చూసి పుట్టిన ఇష్టమైతే ఆ రెండో ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

బీఫార్మసీకి ఓజేఈఈ (ఒడిశా ప్రవేశ పరీక్ష), ఫిషరీస్‌కి ఓయూఏటీ దరఖాస్తులు విడివిడిగా పెట్టాలి. ప్లస్ టూ ఫలితాలు వచ్చాక చూద్దామని ఆగితే గడువు దాటిపోతుంది.