పాఠకుల ప్రశ్నలు: ఒలింపిక్ స్వర్ణం తరువాత పన్నెండేళ్లు

ప్రశ్న: అమెరికా బాక్సర్ ఆండ్రీ వార్డ్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచినా, అదే విభాగంలో ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ 2016 దాకా అందుకోలేదు. ఇంత కాలం ఎందుకు పట్టింది? కాకినాడలో డిగ్రీ చదువుతూ బాక్సింగ్ సాధన చేస్తున్న మా అబ్బాయి 79 కిలోలు ఉంటాడు. 75కు తగ్గితే పతకాలు తేలిగ్గా వస్తాయని తోటివాళ్లు చెబుతున్నారట. తగ్గమనవచ్చునా?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: ఆ పన్నెండేళ్లలో ఎక్కువ భాగం వార్డ్ ఆ బరువులో ఆడనే లేదండీ. ఏథెన్స్‌లో 81 కిలోల విభాగంలో గెలిచిన అతను ప్రొఫెషనల్‌గా మారాక ఒక మెట్టు కిందనున్న సూపర్ మిడిల్‌వెయిట్‌లో, అంటే 168 పౌండ్ల (సుమారు 76 కిలోల) విభాగంలో స్థిరపడ్డాడు. ఇలా దిగడం అక్కడ మామూలే. అమెచ్యూర్ టోర్నమెంటులో బౌట్ ఉన్న రోజు ఉదయమే తూకం వేస్తారు గనుక బాక్సర్ తన సహజమైన బరువుకు దగ్గరలో ఉండక తప్పదు. ప్రొఫెషనల్ పోటీలకు సాధారణంగా ముందురోజే తూకం అయిపోతుంది కాబట్టి, ఒంట్లో నీటిని తగ్గించుకుని తూగినవాడికి కోలుకోవడానికి ఒక రోజు గడువు దొరుకుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఆటలోని తేడా. ఏథెన్స్ నాటి నిబంధనల ప్రకారం రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు, తలకు హెడ్‌గార్డ్, న్యాయనిర్ణేతలు మీటలు నొక్కి లెక్కించే పంచ్‌లు. సరిగా తగిలిందా లేదా అన్నదే అక్కడ ప్రధానం. ఎంత బలంగా తగిలిందన్న దానికి వేరే పాయింటు లేదు. సెమీఫైనల్లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ఉత్కిర్‌బెక్ హైదరోవ్‌ను వార్డ్ 17–15తో దాటిన తీరు ఆ లెక్కల ఆటకు మంచి ఉదాహరణ. ప్రొఫెషనల్ టైటిల్ పోటీలో మూడేసి నిమిషాల రౌండ్లు పన్నెండు ఉంటాయి, హెడ్‌గార్డ్ ఉండదు. ఎనిమిది నిమిషాలకు అలవాటుపడిన శరీరాన్ని ముప్పై ఆరు నిమిషాలకు సిద్ధం చేయడం ఏడాదిలో అయ్యే పని కాదు.

వార్డ్ 2004 డిసెంబరులో తొలి ప్రొఫెషనల్ బౌట్ ఆడాడు. మరుసటి ఏడాది, పెద్దగా పేరులేని డార్నెల్ బూన్ దెబ్బకు కిందపడి, లేచి, పాయింట్ల మీద గెలిచాడు. చిన్ననాటి నుంచీ శిక్షణ ఇచ్చిన వర్జిల్ హంటర్ ఆ తరువాత కూడా అతన్ని తొందరపెట్టలేదు. మిక్కెల్ కెస్లర్‌ను ఓడించి తొలి ప్రపంచ టైటిల్ అందుకున్నది 2009 నవంబరులో. ఆ అయిదేళ్ల ఓపికే అతని వృత్తి జీవితంలో అత్యుత్తమ నిర్ణయమని నా అభిప్రాయం. 2011లో కార్ల్ ఫ్రోచ్‌పై గెలిచి ఆ విభాగంలో శిఖరానికి చేరాడు గానీ, భుజానికి శస్త్రచికిత్స, ప్రమోటర్‌తో వివాదం మంచి వయసులోని కాలాన్ని తినేశాయి. 2013 నవంబరు నుంచి 2015 జూన్ వరకు అతను రింగులోకి దిగలేదు.

లైట్ హెవీవెయిట్‌కు తిరిగి వచ్చి, 2016 నవంబరు 19న లాస్ వెగాస్‌లో అప్పటి ఛాంపియన్, రష్యా బాక్సర్ సెర్గేయ్ కొవలెవ్‌ను ఎదుర్కొన్నాడు. రెండో రౌండులో కొవలెవ్ కుడిచేతి పంచ్ వార్డ్‌ను నేలకు దించింది. ఆ తరువాత వార్డ్ దూరాన్ని తగ్గించి, ఎడమచేతి జాబ్‌తోనూ (సూటిగా విసిరే పంచ్) పొట్టపై దెబ్బలతోనూ ఒక్కో రౌండూ కూడబెట్టుకున్నాడు. ముగ్గురు జడ్జీలూ 114–113 అనే రాశారు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కిందపడి ఓడితే 8 చొప్పున వేసి చూడండి: ఏడు రౌండ్లు గెలిచిన వార్డ్‌కు 70, ఓడిన నాలుగింటికి 36, కిందపడినదానికి 8, మొత్తం 114. ఇంకొక్క రౌండు అటు పోయి ఉంటే టైటిల్ కొవలెవ్‌దే. ఆ తీర్పుపై వాదన ఇప్పటికీ నడుస్తోంది. నా దృష్టిలో అది ఎటైనా తేలగలిగిన పోటీ. 2017 జూన్‌లో మళ్లీ తలపడినప్పుడు వార్డ్ ఎనిమిదో రౌండులోనే ముగించాడు. అదే ఏడాది సెప్టెంబరులో, 32 బౌట్లలో ఒక్క ఓటమీ లేకుండా విరమించుకున్నాడు.

ఇక మీ అబ్బాయి సంగతి. దయచేసి తగ్గమనకండి. 2012లో లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ చాడ్ డాసన్ వార్డ్‌తో ఆడటానికి 168 పౌండ్లకు దిగి, శక్తి చాలక పదో రౌండులో ఓడిపోయాడు. అనుభవజ్ఞుడికే అలా జరిగితే, నేర్చుకునే వయసులో తిండీ నీళ్లూ మానేసి తూకానికి నిలబడే కుర్రాడికి దెబ్బ తట్టుకునే శక్తి తగ్గుతుంది, ప్రాణాపాయం కూడా ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో ఒక విభాగం 80 కిలోలే. 79 దానికి సరిగ్గా సరిపోయే బరువు.

ప్రశ్న: ఈ లైట్ హెవీవెయిట్ విభాగంలో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు ఎవరైనా వెళ్లారా?
– ఒక విద్యార్థిని, రావులపాలెం

జవాబు: వెళ్లారు. 2012 లండన్‌లో సుమిత్ సంగ్వాన్ తొలి బౌట్‌లో బ్రెజిల్‌కు చెందిన యమగూచి ఫల్కావో చేతిలో 14–15తో ఓడాడు. భారత బృందం అప్పీలు చేసినా ఫలితం మారలేదు. ఫల్కావో ఆ తరువాత కాంస్యం గెలిచాడు. అదే విభాగంలో రెండో కాంస్యం పొందిన ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ గ్వోజ్దిక్ 2018 డిసెంబరులో ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ సాధించగా, స్వర్ణం గెలిచిన రష్యా బాక్సర్ ఎగోర్ మెఖోంత్సెవ్ అక్కడిదాకా చేరనే లేదు.