ఆర్‌వీకి (లోపలే పడక, వంట, టాయిలెట్ ఉండే ప్రయాణపు బండికి) సీవర్ (మురుగు పైపు) కనెక్షన్ లేకపోతే ట్యాంకులు ఎక్కడ ఖాళీ చేయాలి?

మురుగును బండి ట్యాంకుల్లోనే ఉంచుకుని, నిండే ముందు డంప్ స్టేషన్‌కు (బండి మురుగు పారబోసేందుకు ఏర్పాటు చేసిన చోటుకు) వెళ్లి వదలాలి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, సింకు, షవర్‌లది గ్రే ట్యాంకు. ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వాల్వు తిప్పితే ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. గ్లవ్స్ మాత్రం మరవద్దు! బ్లాక్ ట్యాంకు కొద్దిగా నిండగానే వదిలేస్తే నీళ్లు పోయి, గట్టిది అడుగున పేరుకుపోతుంది.

ఉదాహరణకు, అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో తప్ప మిగతా క్యాంప్‌గ్రౌండ్లలో సీవర్ కనెక్షన్ ఉండదు. బండి కదపడం ఇబ్బందైతే, మురుగును టోట్ ట్యాంకులోకి (చక్రాలున్న చిన్న ట్యాంకులోకి) దింపి డంప్ స్టేషన్‌కు లాక్కెళ్లవచ్చు.

గ్రే నీళ్లు ఉత్త సబ్బునీళ్లేగా, గడ్డిలో పోస్తే ఏముందిలే అనుకుంటారు చాలామంది. వాటిలో నూనె, మెతుకులు, సూక్ష్మక్రిములు ఉంటాయి. ఆ వాసనకు జంతువులు వస్తాయి. నేషనల్ పార్కుల్లో అలా పారబోయడం నిషేధం.