వానలో కొట్టిన స్ప్రే తెల్లబడింది, మోడల్ కారు బాడీ పారేయాలా?

హన్మకొండలో ఉంటాను, మొదటిసారి 1:24 (అసలు కారు పొడవులో 24వ వంతు) ప్లాస్టిక్ కారు కిట్ కడుతున్నాను, ముసురులో నల్ల లాకర్ (థిన్నర్ కలిసి త్వరగా ఆరే రంగు) స్ప్రే కొడితే బాడీ అంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది, పారేయాలా అని అడిగారు.

వద్దండీ. నేనూ కాజీపేటలో మా డాబా మీద ఇదే పని చేశాను, అదీ ఆగస్టులో. ముదురు నీలం కాస్తా బూడిద రాసినట్టు అయ్యేసరికి ప్రాణం ఉసూరుమంది. మా గల్లీ చివర డెంటింగ్ పెయింటింగ్ షెడ్ ఉంటే తీసుకెళ్లి చూపించాను. అరచేతంత కారును చూసి పెయింటర్ అన్న ముందు నవ్వాడు. తర్వాత, "వానల కొడ్తె గిట్లనే అయితది సార్. మంచిగ ఎండ కాసిన రోజు సన్నగ ఇంకో కోటు కొట్టుండ్రి, పోతది" అన్నాడు.

నిజంగానే పోయింది. లాకర్‌లోని థిన్నర్ గబగబా ఆవిరవుతుంది కదా, ఆ వేగానికి పైపొర చల్లబడి, గాలిలోని తేమ కుండ చెమర్చినట్టు రంగులోనే చెమరుస్తుంది. ఆ తెలుపు అదే. పొడి రోజున పల్చటి కోటు పడితే పాత పొర కాస్త కరిగి, ఇరుక్కున్న తేమ బయటికి వెళ్లిపోతుంది. నాకు బానెట్, రూఫ్ పూర్తిగా తేరుకున్నాయి. డోర్ల కింద మిగిలిన మచ్చను 2000 నంబరు వాటర్ పేపర్‌తో (సన్నటి ఉప్పు కాగితం) తడిగా రుద్ది మళ్లీ కొట్టాను.

ఎండ కావాలన్నారని మే మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకండి. రంగు గాల్లోనే ఆరిపోయి ఉప్మా రవ్వ చల్లినట్టు గరుకుగా దిగుతుంది. మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిపోయాక పది గంటల వేళ హాయి. అప్పుడు డబ్బా చల్లగా ఉంటుంది కాబట్టి కొద్దిసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లు, స్టవ్ జోలికి పోవద్దు, పేలుతుంది.

సన్నగా అని ఎందుకంటున్నానంటే, మారుతి 800 పొడవు 3335 మిల్లీమీటర్లు, 1:24లో అది 14 సెంటీమీటర్లు కూడా రాదు. డోర్ చుట్టూ 5 మిల్లీమీటర్ల సందు ఉందనుకుంటే లెక్క ప్రకారం 0.2 మిల్లీమీటర్లే. ఒక్క మందపాటి కోటుతో ఆ గీత పూడిపోతుంది.

ఇంకో మాట. హార్డ్‌వేర్ షాపులో దొరికే బండి స్ప్రే ఒకసారి ప్రైమర్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద కొట్టాను. ఎండిన చెరువులా బానెట్ బీటలు వారింది. ఏ కొత్త డబ్బా అయినా ముందు ప్లాస్టిక్ చెంచా మీద చూడండి (2022 జూలైలో నిషేధం రాకముందు ఫంక్షన్లలో పోగేసినవి నా దగ్గర ఇంకా ఉన్నాయి). టామియా అనే మోడల్ కిట్ల కంపెనీ స్ప్రేల్లో ప్లాస్టిక్ కిట్లకు టీఎస్ డబ్బాలు. పీఎస్ అని ఉన్నవి ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్ల పాలికార్బొనేట్ బాడీలకు, పొరపాటున అవి తెప్పించుకోకండి.

అద్దాలు ఫెవిక్విక్‌తో అంటించొద్దు, పొగ పట్టినట్టు అవుతాయి. ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు. వాన తగ్గేదాకా సీట్లు, డాష్‌బోర్డు బ్రష్‌తో కానిచ్చేయండి. బాడీ మీద దుమ్ము పడకుండా ఏదైనా మూత బోర్లించండి, నేనైతే పాత కేక్ డబ్బా పెడతాను.