ఇంటి పట్టున ఉండి మీడియా చదువు అవుతుందా?

ప్రశ్న: మాది మామిడికుదురు మండలంలో ఒక పల్లెటూరు. రెండెకరాల కొబ్బరితోట, కొంచెం కౌలు వరి ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ పాసైంది. మీడియా చదువుతానంటోంది. ఫోన్‌లో వీడియోలు బాగానే తీస్తుంది. హైదరాబాద్ పంపే స్తోమత లేదు, పంపడం నాకు ఇష్టమూ లేదు. ఆన్‌లైన్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ ఉందని, ఇంటి పట్టునే ఉండి చదువుకోవచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఈ నెలాఖరులోగా మూడేళ్ల ఫీజూ ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారట. ఆ డిగ్రీకి విలువ ఉంటుందా? ఇంటి పట్టున ఉండి ఈ చదువు అవుతుందా? టెన్షన్‌గా ఉంది. చెప్పగలరు.

జవాబు: నమస్కారమండి. మీ ఉత్తరంలో "ఇంటి పట్టున" అనే మాట రెండుసార్లు వచ్చింది. విలువ గురించి ఒక్కసారే అడిగారు. అందుకని విలువ సంగతి ముందు తేల్చేసి, ఆ ఇంటి పట్టు దగ్గరికి తర్వాత వస్తాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం అనుమతి పొందిన యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమే. ఈ మాట యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది. పోటీ పరీక్షలకు, పీజీకి పనికొస్తుంది. అయితే యూనివర్సిటీకి అనుమతి ఉండటం వేరు, మీ అమ్మాయి చేరబోయే కోర్సుకి ఉండటం వేరు. యూజీసీ దూరవిద్యా విభాగాన్ని డెబ్ అంటారు. దాని వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, ఈ ఏడాది సెషన్ మూడూ ఒకే వరుసలో కనిపిస్తేనే ముందుకెళ్లండి. ఆ సైట్‌లోనే విద్యార్థి సొంతంగా డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, అంటే చదువులో వచ్చిన క్రెడిట్లు జమ అయ్యే ఖాతా నంబరు, ఉండాలి. రెండూ మీ అమ్మాయి ఫోన్‌లోనే, మీ అమ్మాయి చేత్తోనే జరగాలి. "మేం చేసేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరన్నా అడిగితే చెప్పకండి. ఫ్రాంచైజీల ద్వారా ఈ డిగ్రీలు నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. కన్సల్టెన్సీ వాళ్లు అడ్మిషన్ పట్టించే మనుషులే తప్ప యూనివర్సిటీ కాదు.

ఇక డబ్బు. మూడేళ్ల ఫీజు ఒక్కసారే కట్టకండి. సెమిస్టర్‌కి ఇంతని, నేరుగా యూనివర్సిటీ ఖాతాలోకే కట్టండి. మొదటి సెమిస్టర్‌లోనే మనసు మారిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. "వడ్డీ లేని ఈఎంఐ" అన్నా జాగ్రత్త. చాలాసార్లు అది మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. అమ్మాయి చదువు మానేసినా వాయిదాలు ఆగవు. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా దూరవిద్య కోర్సులకు రాదు. ఆన్‌లైన్‌కి వస్తుందన్న లెక్క వేసుకోకండి. దగ్గర్లో కాలేజీలో సీటు తీసుకుంటే ఆ సాయం అందే వీలుంది. ఆ తేడా కలిపి చూస్తే ఆన్‌లైన్ అంత చవకేమీ కాదు.

ఇప్పుడు ఇంటి పట్టు సంగతి.

మీడియా ఇంట్లో కూర్చుని వచ్చే చదువు కాదండి. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పత్రికల చరిత్ర, మీడియా చట్టాలు ఇంట్లో కూర్చుని చదవొచ్చు, మంచి మార్కులూ తెచ్చుకోవచ్చు. యూజీసీ లెక్కలో సెమిస్టర్ చివరి పరీక్షకు కనీసం 70 శాతం, మధ్యలో చేసే అసైన్‌మెంట్ల వంటి వాటికి 30 శాతానికి మించకుండా మార్కులుంటాయి. కామర్స్‌కి ఈ లెక్క సరిపోతుందేమో. కెమెరా పట్టుకుని, మనుషుల్ని మాట్లాడించి నేర్చుకోవలసిన విద్యకి మాత్రం ఇది తలకిందుల లెక్క. ఉద్యోగం ఇచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్న "మార్కులెన్ని?" అని కాదు, "ఏం చేశావు, చూపించు" అని.

ఒక్క ఉదాహరణ చెప్తాను, మీకు బాగా తెలిసినదే. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. హైదరాబాద్ స్టూడియోలో కూర్చున్న యాంకర్‌కి అవి అంకెలు. మీ అమ్మాయికి అలా కాదు. మొదటి హెచ్చరిక వచ్చేసరికి చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లుంటాయని, లంకల్లో గేదెల్ని ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలో అంకెను బట్టే జనం నిర్ణయించుకుంటారని తనకు తెలుసు. ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందన్న కబురు వినగానే ఏ ఇంట్లో సామాను అటక ఎక్కుతుందో తెలుసు. తెలిసినదాన్ని 300 మాటల్లో రాయడం, మూడు నిమిషాల వీడియోగా కోయడం, అధికారి చెప్పిన అంకెనీ పడవవాడు చెప్పిన మాటనీ పక్కపక్కన పెట్టి సరిచూడటం, అదీ ఈ విద్య. ఇది రావాలంటే జూలైలో గట్టు మీద నిలబడాలి. లాప్‌టాప్ ముందు కూర్చుంటే రాదు.

అలాగని ఆన్‌లైన్ వద్దని నేను అనను. అందులో ఒక పెద్ద సుఖం ఉంది, దాన్ని చాలామంది తప్పుగా వాడుకుంటారు. పాఠం రాత్రి తొమ్మిదికి వినొచ్చు. అంటే పగలంతా ఖాళీ. ఆ పగలు మీ అమ్మాయిని అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కో, రావులపాలెం అరటి మార్కెట్‌కో, ఎమ్మార్వో ఆఫీసుకో వెళ్లనిచ్చే పనైతే ఆన్‌లైన్ డిగ్రీ మంచిదే. పగలు కూడా ఇంట్లోనే ఉండాలంటే ఆ ఫీజు దండగ. ఇది కొంచెం కటువుగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆడపిల్ల అని మీకు భయం ఉంటుంది. కాదనను. కానీ ఇంట్లో ఉంచడానికే కోర్సు ఎంచుకుంటే దానికి మీడియా సరైన కోర్సు కాదు.

భీమవరంలో రేడియో విష్ణు అని 90.4 మీద ఒక కమ్యూనిటీ రేడియో ఉంది, ఒక కాలేజీ ఆవరణ నుంచి నడుస్తుంది. అలాంటి చోట నెల రోజులు పనిచేసే వీలుందేమో అడగండి. గొంతు ఎలా వాడాలో, ఎదుటి మనిషిని ఎలా మాట్లాడించాలో రేడియో దగ్గర త్వరగా తెలుస్తుంది. కెమెరా ముందు ముఖం చూసుకోవడం తప్ప ఇంకేమీ రాని పిల్లలకి రేడియో మంచి మందు. యాస గురించి కూడా ఒక మాట. "ఆయ్" అనడానికి సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే రాసేటప్పుడు ప్రమాణ భాషలో తప్పుల్లేకుండా రాయడం రావాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద టైపింగ్ ఈ రోజే మొదలుపెట్టమనండి. దానికి ఏ యూనివర్సిటీ అక్కర్లేదు.

ఉద్యోగాల మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మండలంలో కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రికకో చానల్‌కో వార్తలు పంపే విలేకరిగా చేరితే వచ్చే డబ్బు పెట్రోలుకి సరిపోతే గొప్ప. కొన్నిచోట్ల యాడ్స్ తెమ్మని ఒత్తిడి ఉంటుంది. దాన్నే ఉద్యోగంగా నమ్ముకోవద్దు, నేర్చుకునే చోటుగా చూస్తే పర్వాలేదు. పెద్ద తెలుగు పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు నడుపుతాయి. వాటి రాత పరీక్షలో తెలుగు, అనువాదం, వర్తమాన వ్యవహారాలు చూస్తారు, ఎంపికైతే శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. అక్కడ ఏ డిగ్రీ అయినా చాలు, మీడియా డిగ్రీయే ఉండాలని లేదు. ఈ ఒక్క ముక్క కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పి ఉండరు. ఇవి కాక మన చుట్టూనే పనులున్నాయి. భీమవరం వైపు రొయ్యల మేత, మందుల కంపెనీలకు రైతులకి అర్థమయ్యే వీడియోలు కావాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లకు ఫొటో తీసి, రెండు వాక్యాలు రాసి, గిరాకీ తెచ్చిపెట్టే మనిషి కావాలి. ఆసుపత్రులకు, స్కూళ్లకు కూడా అంతే. వీటిని జర్నలిజం అనలేం గానీ కమ్యూనికేషన్ చదువు కిందికే వస్తాయి.

మరో దారి కూడా చెప్తాను, నా మనసు దీనివైపే మొగ్గుతోంది. 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంటోంది. ఒకటి కాలేజీలో, ఇంకొకటి ఆన్‌లైన్‌లో చేయొచ్చు. రోజూ బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న డిగ్రీ కాలేజీలో ఎకనమిక్స్ గానీ పాలిటిక్స్ గానీ ఉన్న బీఏలో చేర్పించండి. వార్త రాసేవాళ్లకు బడ్జెట్, పంచాయతీ, చట్టం తెలియడం చాలా అవసరం. మొదటి ఏడాది మీడియాకి డబ్బు పెట్టకుండా, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో మీడియాకి సంబంధించిన పాఠాలు వినమనండి. వినడం ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. ఏడాది తర్వాత కూడా ఆసక్తి అలాగే ఉంటే అప్పుడు ఆన్‌లైన్ డిగ్రీ కలుపుకోవచ్చు, లేదా ఆగి పీజీలో జర్నలిజం చేయొచ్చు. కేంద్ర ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఎంఏ ఉంది. కాలేజీకి పంపితే నలుగురు స్నేహితులు, బస్సులో మాటలు, లైబ్రరీ, ఎన్నికల గొడవలు అన్నీ దొరుకుతాయి. ఇవన్నీ ఈ చదువులో భాగమే.

ఒకవేళ ఆన్‌లైనే అనుకుంటే చేరేముందు యూనివర్సిటీకి ఈ-మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్ష ఇంట్లో కెమెరా ముందా, సెంటర్‌కి వెళ్లి రాయాలా? మధ్యలో కరెంటు పోతే, నెట్ పోతే ఏం చేస్తారు? మనకిది ఊహాజనితం కాదు. తుపాను గాలి వస్తే కరెంటు సంగతి మీకు తెలిసిందే. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఎన్ని రోజులు ఆగిపోయిందో గుర్తుందిగా. సిగ్నల్ కోసం జనం గోదావరి ఒడ్డుకి పోయారు. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉన్నాయా? ఉంటే చోటు వాళ్లు చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా? పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు మీడియం పిల్లైతే మొదటి ఆరు నెలలు ఇబ్బంది పడుతుంది, తర్వాత అలవాటవుతుంది. నేను దూరవిద్యలో చదివినప్పుడు పుస్తకాలు పరీక్షకు పది రోజుల ముందు వచ్చాయి. ఈ కాలం పిల్లలకు ఆ బాధ లేదు గానీ, రేపు విందాంలే అని పక్కన పెట్టిన వీడియోలు నలభై పేరుకుపోతాయి. పుస్తకాల కట్ట అయితే కనీసం కళ్లెదురుగా కనబడి భయపెట్టేది.

డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. పదిహేను రోజులు గడువివ్వండి. మీ తోటలో దింపు తీసిన కాయ అంబాజీపేట మార్కెట్ దాటి ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్లేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతికి ఎంత మిగులుతుందో కనుక్కుని 400 మాటల్లో తెలుగులో రాయమనండి. దింపు కూలీ, ఒలుపు కూలీ, వ్యాపారి, లారీ డ్రైవర్ నలుగురితోనూ మాట్లాడాలి. మూడు నిమిషాల వీడియో కూడా చేయాలి. రెండూ నాకు పంపండి, చూసి చెప్తాను. మార్కెట్‌కి మీరు బండి మీద దింపకండి, పక్కన నిలబడకండి. బస్సులో వెళ్లి రానివ్వండి.