స్క్యూబా ట్యాంకుతో పెయింట్‌బాల్ సిలిండర్ ఇంట్లో నింపుకోవచ్చా?

మీ దగ్గర స్క్యూబా ట్యాంకు (నీటి అడుగున ఈదేవాళ్లు వాడే గాలి ట్యాంకు) ఉంది, దాంతో పెయింట్‌బాల్ గన్‌కు వాడే 4500 పీఎస్ఐ (పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత) కార్బన్ ఫైబర్ సిలిండర్‌ను గరాజ్‌లోనే నింపుకోవచ్చా అని అడిగారు. నింపుకోవచ్చండీ. ఇక్కడ టెక్సస్‌లో మాతో పెయింట్‌బాల్ (రంగు గుళ్లతో కాల్చుకునే ఆట) ఆడే తెలుగు వాళ్ల సిలిండర్లు చాలావరకు మా గరాజ్‌లోనే నిండుతాయి. కాకపోతే పూర్తిగా నిండదు. మామూలు అల్యూమినియం స్క్యూబా ట్యాంకులో ఉండేదే 3000 పీఎస్ఐ. రెండు వైపులా ప్రెషర్ సమానమయ్యేదాకే గాలి వెళ్తుంది, నింపిన ప్రతిసారీ ఇంకాస్త తగ్గుతుంది. వారాంతం ఆటకు అది చాలు.

గొట్టం తగిలించే ముందు సిలిండర్ మీద హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) తేదీ చూడండి. అల్యూమినియం అయితే లోహం మీదే నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, కార్బన్ ఫైబర్‌కు లేబుల్ మీద ఉంటుంది. సాధారణంగా 5 ఏళ్లకోసారి టెస్ట్ చేయించాలి. మామూలు కార్బన్ ఫైబర్‌కైతే తయారైన 15 ఏళ్లకు ఆయుష్షు తీరినట్టే, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే. నార పోగులు తెగి పైకి లేచినా, లోతైన గీత పడినా నేను నింపను, స్నేహితుడిదైనా మొహమాటపడను.

ఫిల్ నిపుల్‌ను (సిలిండర్‌లోకి గాలి ఎక్కించే చిన్న మొనను) పొడి గుడ్డతో తుడవండి, అందులో ఇసుక రేణువు కూడా ఉండకూడదు. ఆయిల్ మాత్రం అస్సలు వేయకండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నాకు అదే భయం. మార్కర్‌లో (పెయింట్‌బాల్ గన్‌లో) వేసే ఆయిల్ డబ్బా చేతిలో ఉంది కదా అని నిపుల్‌లో కూడా ఓ చుక్క వేసేస్తారు. గాలి ఒక్కసారిగా అంత ప్రెషర్‌కు నొక్కుకుంటే విపరీతంగా వేడెక్కుతుంది, డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ లేకుండానే ఇంధనం మండినట్టు ఆ చుక్క లోపల అంటుకోవచ్చు.

అందుకే వాల్వ్‌ను కొద్ది కొద్దిగా తిప్పాలి. గేజ్ ముల్లు నింపాదిగా కదలాలి, ఒక నిమిషమైనా పట్టనివ్వండి. సిలిండర్ చేతికి వేడిగా తగిలితే ఆపండి. హడావిడిగా నింపితే ఓ-రింగులు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగులు) పాడవుతాయి, పైగా చల్లారాక ముల్లు ఎలాగూ కిందికి దిగుతుంది. నిండాక ముందు స్క్యూబా వాల్వ్ కట్టేసి, బ్లీడ్ వాల్వ్ తెరిచి గొట్టంలో గాలి పోనిచ్చి, ఆ తర్వాతే ఊడదీయండి.

మీ స్నేహితుడి 3000 పీఎస్ఐ సిలిండర్‌ను ఆట ఫీల్డ్‌లో 4500 పీఎస్ఐ గాలి లైనుకు తగిలించనివ్వకండి. బర్స్ట్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలి గాలిని వదిలేసే చిన్న రేకు) ఉన్నది ప్రమాదంలో కాపాడడానికి, దాని ధీమాతో ఎక్కువ నింపడానికి కాదు.

రెగ్యులేటర్ (సిలిండర్ మూతికి బిగించి ఉండే, ప్రెషర్ తగ్గించే భాగం) మెడ దగ్గర గాలి లీకైతే పానా పట్టుకోకండి. గాలి ఉండగా రెగ్యులేటర్ బిగించడం, విప్పడం రెండూ ప్రమాదమే. మనుషులు లేని చోట పెట్టి దానంతట అదే ఖాళీ కానివ్వండి, ఆ తర్వాత ఎయిర్ ట్యాంకులు రిపేరు చేసే షాపుకు తీసుకెళ్లండి.